తిప్పిన కాలరు

మూడో రోజు కూడా ఎవరూ కొళాయి కట్టలేదు.

వంటింట్లో నీళ్లు ధారగా పోతూనే ఉన్నాయి. పట్టపగలు పదకొండింటికి ఇంట్లో ఆరు దీపాలూ వెలుగుతున్నాయి. ముందుగదిలో ఫ్యాను ఖాళీ కుర్చీకి శ్రద్ధగా గాలి విసురుతోంది.

"ఆ కొళాయి కట్టమని మీ అమ్మకి చెప్పు," అన్నాడు మాటల మాష్టారు కూతురితో.

అమ్మ అనబడే ఆవిడ ఆయనకి నాలుగడుగుల దూరంలోనే కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. వీధిలో అందరూ ఆమెని టైలరమ్మ అంటారు. మెడలో టేపు, వేలికి ఇత్తడి తొడుగు, ఒళ్లో నీలం రంగు నర్సు కోటు.

"మీ నాన్నకి చెప్పు," అంది ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ. "పొదుపు పేపర్లో అచ్చయిపోయింది కదా, ఇంక ఇంట్లో ఎందుకు, అని."

కూతురు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరి చెవులూ బాగానే పనిచేస్తున్నాయి. ఆదివారం నుంచి ఆమె ఈ ఇంట్లో జీతం లేని పోస్టుమాన్ పని చేస్తోంది. అసలు ఉద్యోగం వీధి చివర మందుల షాపులో. దానికి సెలవు పెట్టింది.

"నీళ్ల బిల్లు ఎవడు కడతాడని అడుగు," అన్నాడు మాష్టారు.

"రాసినందుకు పేపరు వాళ్లు ఇస్తారుగా, దాంట్లోంచి కట్టమను."

మాష్టారు విసురుగా లేచి వెళ్లి కొళాయి కట్టి వచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చున్నాక టైలరమ్మ నింపాదిగా లేచి, వంటింట్లోకి వెళ్లి, కొళాయి విప్పి వచ్చింది. కుడుతున్న కుట్టు ఎక్కడ ఆపిందో అక్కడే మళ్లీ మొదలుపెట్టింది.

ఈ మహాయుద్ధానికి కారణం అరపేజీ కాగితం. మాష్టారు బడిలో పాఠాలు చెప్పడం మానేశాక పదకొండేళ్లుగా ఆదివారం పేపర్లో 'మాట పుట్టిల్లు' అనే శీర్షిక రాస్తున్నాడు. వారానికో మాట తీసుకుని, అది ఎక్కడ పుట్టింది, ఎవరింట పెరిగింది, ఇప్పుడెలా ఉందో చెబుతాడు. పోయిన ఆదివారం ఆయనకి 'పొదుపు' చేతికి దొరికింది. సగం దాకా బుద్ధిగానే రాశాడు. ఆ తరవాత చెయ్యి జారింది.

"పొదుపంటే ఏమిటో చూడాలంటే మా ఇంటికి రండి. అరిగిన సబ్బు కొత్త సబ్బు వీపెక్కి ఊరేగుతుంది. అగ్గిపుల్ల నిలువునా చీలి రెండుసార్లు వెలుగుతుంది. మా ఆవిడ మంచం కింద ఒక ట్రంకుపెట్టె ఉంది. ఎవరి చొక్కా కుట్టినా దాని ముక్క ఒకటి అందులోకి చేరుతుంది. ముప్పై ఏళ్లుగా ఊరంతా ఆ పెట్టెలో మడతపెట్టి ఉంది."

రాసినప్పుడు ఆ ఆఖరి వాక్యం ఆయనకి తెగ నచ్చింది. రెండుసార్లు పైకి చదువుకున్నాడు కూడా.

వీధికి కూడా నచ్చింది. కాకపోతే వీధి దాన్ని ఇంకో రకంగా చదువుకుంది. కుట్టేవాళ్లు గుడ్డ కొట్టేస్తారని లోకంలో ఎప్పుడూ ఒక అనుమానం ఉండనే ఉంది. ఇప్పుడు సాక్షాత్తూ మొగుడే పేపర్లో ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి? సోమవారం పొద్దున్నే ముగ్గురు వచ్చి, కుట్టకుండా ఉన్న బట్టలు వెనక్కి పట్టుకుపోయారు. మంగళవారం పెద్దాసుపత్రి మేట్రన్ దగ్గర్నుంచి కబురొచ్చింది. ముప్పై ఎనిమిది నర్సు కోట్లకి ఇచ్చిన నీలం బట్ట బుధవారం మూడింటికి తాను స్వయంగా వచ్చి చూస్తాననీ, అప్పటిదాకా కత్తెర పెట్టవద్దనీ.

ఇవాళే బుధవారం. కోట్లు పదకొండు పూర్తయ్యాయి. పన్నెండోది ముందే కత్తిరించింది కాబట్టి కుడుతోంది. మిగతా ఇరవై ఆరూ వెళ్లిపోతే వాటితోపాటు ఏటా వచ్చే ఆసుపత్రి పని మొత్తం వెళ్లిపోతుంది. ఆసుపత్రి వద్దన్న టైలరు దగ్గరికి వీధి రాదు.

* * *

"నేను దొంగ అని రాశానా?" అన్నాడు మాష్టారు. కూతురు ఆయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. బల్ల నిండా నిఘంటువులు. "చెప్పు, ఆ మాట ఎక్కడైనా ఉందా? జానెడు ముక్కలు. ఎవరికీ పనికిరానివి. వాటిని పారెయ్యకుండా దాచుకుంది అన్నాను. అది మెచ్చుకోలు."

"మెచ్చుకుంటే ఇరవై ఆరు కోట్లు పోతున్నాయి నాన్నా. ఇంక తిట్టి ఉంటే ఏమయ్యేదో."

"జనానికి చదవడం రాకపోతే నాదా తప్పు? నేను అసలు రాసింది ఏమిటి? ఇలా చూడు." ఆయన ముఖంలోకి వెలుగొచ్చింది. మాటల సంగతి ఎత్తితే ఇల్లు అంటుకున్నా ఆయనకి పట్టదు. "పొద అంటే ఏంటి? కొమ్మలన్నీ దగ్గరికొచ్చి గుబురుగా ఉండేది. పొది? బాణాలన్నీ ఒక్కచోట పెట్టుకునేది. పాలన్నీ చేరేది పొదుగు. కోడి గుడ్లని రెక్కల కింద పెట్టుకుంటే పొదగడం. ఉంగరంలో రాయిని కదలకుండా కూర్చోబెడితే అదీ పొదగడమే. పిల్లని గుండెకి హత్తుకుంటే పొదివి పట్టుకోవడం. ఇవన్నీ ఒక కడుపున పుట్టినవే అని నా నమ్మకం. పొదుపు వాళ్ల ఆఖరి చెల్లెలు. డబ్బుతో దానికి చుట్టరికం తరవాతెప్పుడో కలిసింది. ఇదంతా రాశానా లేదా?"

"రాశారు."

"మరి?"

"దాని కింద ఇంకోటి రాశారు. అందరికీ అదే గుర్తుంది." కూతురు ఆయన ముందున్న నిఘంటువు మూసింది. "ఆ పెట్టెలో ముక్కలు ఎవరివో అమ్మని అడిగారా?"

"అడగడానికేముంది? టైలరింట్లో గుడ్డముక్కలుంటే ఎక్కడివని అడుగుతారా ఎవరైనా?"

"అమ్మ కుట్టిచ్చిన ప్రతి బట్ట జేబులో చిన్న ఉండ ఒకటి ఉంటుంది, చూశారా ఎప్పుడైనా? మిగిలిన గుడ్డంతా చుట్టచుట్టి, అదే రంగు దారంతో కట్టి పెడుతుంది. వేలెడంత మిగిలినా సరే."

మాష్టారు చూడలేదు. ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

"అలాంటప్పుడు ఆ పెట్టెలోవి ఎక్కడివి?" అన్నాడు.

"ఒక మాట పుట్టిల్లు కనుక్కోవడానికి ఏడు నిఘంటువులు తిరగేస్తారు. మంచం కింద పెట్టె గురించి మాత్రం మంచం మీది మనిషిని అడగలేదు."

"నీకు తెలుసా?"

కూతురికి తెలుసు, కానీ చెప్పకూడని కారణం ఒకటి ఉంది.

"తప్పు పడింది, సవరణ రాస్తాను అని పేపరు వాళ్లకి ఒక్క ముక్క చెప్పండి నాన్నా."

"పదకొండేళ్లలో నేను సవరణ రాయలేదు. తప్పు రాస్తేగా?" అని ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. పేపరుకి కొత్త మాట పంపాల్సిన రోజు కూడా ఇవాళే. ఎదురుగా తెల్లకాగితం ఉంది. పొద్దున్నుంచి దాని మీద ఒక్క అక్షరం పడలేదు.

* * *

చెప్పకూడని కారణం ఇదీ.

నిన్న మధ్యాహ్నం తల్లి దారాలు కొనడానికి వెళ్లినప్పుడు కూతురు మంచం కింద నుంచి పెట్టె లాగింది. ఊరి గుడ్డలుంటే ఎవరివి వాళ్లకి ఇచ్చేసి గొడవ వదిలించుకుందామని ఆమె ఉద్దేశం. మూత తీసింది. పైన ఆకాశనీలం మీద సన్నటి తెల్లచార ముక్క ఒకటి ఉంది. ఆ చార ఆమెకి తెలుసు. నాన్న తనని మొదటిసారి బడికి తీసుకెళ్లినప్పటి చొక్కా. ఆ చొక్కా అంచు పట్టుకునే గేటు దాకా ఏడ్చింది. దాని కింద గోధుమరంగు గళ్లది. ఆ కింద పాలిపోయిన ఆకుపచ్చ. చొక్కాల వీపులు, చేతిపట్టీలు, జేబులు, జతలు జతలుగా బొత్తాలు. అన్నీ ఒక్క మనిషివే.

తల్లి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి చూసింది. కేకలెయ్యలేదు. వచ్చి మంచం మీద కూర్చుంది.

"చొక్కా ముందు కాలరు దగ్గరే చిరుగుతుంది," అంది. "మెడ రాసుకుని, మడత మీద పోగులు లేస్తాయి. అప్పుడు కాలరు ఊడదీసి, వెనక్కి తిప్పి కుడతాను. చిరిగింది లోపలికి పోతుంది. కొత్తగా ఉంటుంది. ఇంకో రెండేళ్లు వస్తుంది."

"అదీ చిరిగితే?"

"పాత చొక్కా వీపు కింది భాగంలోంచి ముక్క తీసి కాలరే కొత్తది వేస్తాను. లోపలికి దోపుకునే చోటు చిరగదు. ఎండ తగలదు, రాపిడి ఉండదు."

"నాన్నకి తెలీదా?"

"మంచి బట్ట కొన్నాను కాబట్టి ఇన్నేళ్లు వస్తోంది అనుకుంటారు." టైలరమ్మకి నవ్వొచ్చింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "జీతంలో సగం పుస్తకాలకి పోయేది. వద్దంటే వినే మనిషి కాదు. చొక్కాలు కొనడానికి మిగిలేది కాదు. పెళ్లయిన కొత్తలో ఒకసారి బడిలో మీటింగు జరుగుతుంటే వెనక కూర్చున్నవాడు ఈయన కాలరుకి వేలాడుతున్న పోగు పట్టుకుని లాగాడట. అందరూ నవ్వారట. ఇంటికొచ్చి రెండు రోజులు గది తలుపు తియ్యలేదు. అన్నం కూడా గుమ్మంలోనే పెట్టాను. మూడో రోజు ఉద్యోగం మానేస్తానన్నారు. ఆ రోజే అనుకున్నాను, ఇంకెప్పుడూ ఈ మనిషి కాలరు మీద పోగు కనబడకూడదని."

"ఇదంతా వీధిలో చెప్పేస్తే అయిపోతుంది కదమ్మా. పెట్టె తెరిచి చూపిస్తే..."

"చూపిస్తే?" టైలరమ్మ ముక్కలు మడతపెట్టడం మొదలుపెట్టింది. "నన్ను దొంగ అంటారు, నాలుగు రోజులు అంటారు. నేను పడతాను. ఆయన్ని చూసి నవ్వితే ఆయన పడలేరు. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఎంత దర్జాగా పేపరు చంకలో పెట్టుకుని వీధంతా తిరిగొస్తారో చూశావుగా."

"నీకు కోపం లేదా మరి?"

"లేకపోవడమేంటి? కడుపు మండిపోతోంది. అందుకే కొళాయి వదిలేశాను. అంతకంటే ఏం చెయ్యను?" ఆమె మూత వేసింది. "ఈ పెట్టె సంగతి నీ నోట్లోంచి వచ్చిందా, నా మీద ఒట్టే."

తల్లి మీద ఒట్టు. దానికి ఏ మందుల షాపులోనూ విరుగుడు లేదు.

* * *

మేట్రన్ మూడింటికి వస్తానంది, మూడింటికే వచ్చింది. పొడుగాటి మనిషి. జేబు మీద తలకిందులుగా గడియారం. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

ఆమె వచ్చిన రెండో నిమిషంలో పక్కింటావిడ కూడా వచ్చింది. "వదినా, ఒక సూదుంటే ఇస్తావా?" అంటూ వచ్చి, సూది చేతిలో పడ్డాక కూడా గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఎవరూ వెళ్లమనలేదు.

మేట్రన్ పదకొండు కోట్లూ ఒక్కొక్కటే విప్పి చూసింది. పన్నెండోది మిషను మీద ఉంది, దాన్నీ చూసింది. మిగిలిన తానులు తన టేపుతోనే కొలిచింది. చీటీ మీద ఏదో వేసుకుంది. ప్రతి కోటు జేబులోంచీ నీలం ఉండ ఒకటి వచ్చింది. వాటిని కూడా విప్పి పరిచి చూసింది. టైలరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. గదిలో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"సరిపోయింది," అంది మేట్రన్ చివరికి. "బెత్తెడు కూడా తేడా లేదు."

కూతురు గట్టిగా ఊపిరి వదిలింది.

"ఈసారి సరిపోయిందండీ," అంది పక్కింటావిడ. "నిప్పు లేందే పొగ రాదు కదా. ఆ పెట్టె మాటేంటి మరి? రాసింది అన్నయ్యగారే, నేను కాదు."

మేట్రన్ ఆమె వైపు విసుగ్గా చూసింది. కానీ ఆ మాట ఆమె మనసులోనూ ఉన్నట్టే ఉంది. "చూడండమ్మా, మీ పని మీద నాకు నమ్మకముంది. ఆసుపత్రిలో మా పైవాళ్లు పేపరు కత్తిరించి నా బల్ల మీద పెట్టారు. ఆ పెట్టె ఒక్కసారి చూపించారంటే, నా కళ్లతో చూశాను అని వాళ్ల నోరు మూయిస్తాను. బట్ట ఇక్కడే ఉంటుంది."

"చూపించను," అంది టైలరమ్మ.

"ఎందుకని?"

"అందులో మీ గుడ్డ లేదు. ఎవరి గుడ్డా లేదు. నా మాట మీద నమ్మకముంటే బట్ట ఉంచండి. లేకపోతే తీసుకెళ్లండి."

పక్కింటావిడ కనుబొమలు నుదుటి మీదికి వెళ్లిపోయాయి.

మాష్టారికి ఇది బొత్తిగా అర్థం కాలేదు. బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చాడు. "చూపిస్తే పోతుంది కదా. ఎందుకీ మొండితనం? అందులో ఏముందని?" అని, తాము మాట్లాడుకోవడం లేదని గుర్తొచ్చి, కూతురి వైపు తిరిగాడు. "చూపించమని మీ అమ్మకి చెప్పు!"

టైలరమ్మ మధ్యగది గుమ్మానికి అడ్డంగా వెళ్లి నిలబడింది. ఆ నిలబడడం చూస్తే ఎవరికైనా అనుమానం రాకుండా ఉండదు. మేట్రన్ పెదవి బిగించి, తానులు ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు.

కూతురికి ఇటు ఒట్టు, అటు ఇరవై ఆరు కోట్లు. మూడో తాను మీద మేట్రన్ చెయ్యి పడేసరికి కూతురి నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాన్నా, మీ చొక్కా విప్పి ఒకసారి కాలరు లోపల చూసుకోండి."

టైలరమ్మ గిరుక్కున తిరిగింది.

"పెట్టె గురించి ఒక్క మాట కూడా అనలేదమ్మా," అంది కూతురు. "కాలరు అన్నాను."

"ఇప్పుడు నా కాలరుకేం వచ్చింది?" అన్నాడు మాష్టారు. కానీ ఆయన మాటలు చదివే మనిషి. భార్య మొహం తెల్లబోవడం కూడా ఎలాగో ఆయన కంటబడింది. కొలతలిచ్చేవాళ్లు బట్టలు వేసుకుని చూసుకోవడానికి గది మూల ఒక తెర, దాని వెనక నిలువుటద్దం ఉన్నాయి. ఆయన తెర వెనక్కి వెళ్లాడు.

చొక్కా విప్పి కాలరు పైకెత్తి చూశాడు. అడుగున మడత పొడుగునా పోగులు లేచిన గీత. దాన్ని కదలకుండా పట్టుకున్న చిన్న చిన్న కుట్లు, పక్కపక్కన, ఒకే పొడుగున. ఇప్పటి కుట్టు పక్కనే పాత సూది రంధ్రాల వరస. మెడపట్టీ లోపల వేసిన గుడ్డ ఈ చొక్కాది కాదు. ఆకాశనీలం, సన్నటి తెల్లచార.

అద్దం పక్కన మేకుకి, చాకలి తెచ్చిన ఆయన చొక్కాలు ఇంకో రెండు వేలాడుతున్నాయి. వాటి కాలర్లూ ఎత్తి చూశాడు.

బయట అందరూ తెర వైపే చూస్తున్నారు. చాలాసేపటికి గాని ఆయన బయటికి రాలేదు. వచ్చినప్పుడు ఒంటి మీద బనీను ఉంది, చేతిలో తిరగేసిన చొక్కా ఉంది. తిన్నగా మధ్యగది గుమ్మం దగ్గరికి నడిచాడు. టైలరమ్మ జరగలేదు. ఆయన అరవై మూడేళ్ల నడుం వంచి, ఆమె చెయ్యి కిందనుంచి దూరి, లోపలికి వెళ్లాడు. మంచం కింద ఇనుము నేలని గీరిన చప్పుడు వినిపించింది.

"వద్దు," అంది టైలరమ్మ. మూడు రోజుల తరవాత ఆయనతో అన్న మొదటి మాట అదే. "ఏవండీ, వద్దు."

ఆయన పెట్టెని ముందుగదిలోకి ఈడ్చుకొచ్చి మూత ఎత్తాడు.

"ఇది నాది," అన్నాడు మొదటి ముక్క పైకి తీసి. "ఇదీ నాదే. ఇది ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు వేసుకున్నాను. ఈ గళ్లది మా నాన్న పోయిన ఏడు కొన్నది. ఇది..." మిగతా ముక్కల్ని రెండు చేతులతో పైకెత్తాడు. "అన్నీ నావే. ఊళ్లో వాళ్ల పోగు ఒక్కటి కూడా లేదు. నేను తప్పు రాశాను. తెలుసుకోకుండా రాశాను."

చొక్కా కాలరు తిప్పి మేట్రన్ ముందు పెట్టాడు.

"అయ్యో రామ!" పక్కింటావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు వేళ్ల సందుల్లోంచి వచ్చేసింది. "ఏంటి అన్నయ్యగారూ, ఇన్నేళ్లూ ఈ అతుకుల చొక్కాల్లోనా ఆ దర్జా అంతా! మా ఇంటాయన మీ చొక్కాలు చూసి, అలాంటి బట్ట ఎక్కడ దొరుకుతుందో అడగమన్నాడు కూడానూ!"

మాష్టారి మెడ ఎర్రబడింది. ఎర్రదనం చెవులదాకా పాకింది. టైలరమ్మ అది చూసి కళ్లు మూసుకుంది.

మేట్రన్ నవ్వలేదు. కాలరుని వెలుతురుకి పెట్టి, కుట్టు మీద వేలితో రాసి చూసింది. "చేత్తోనే?"

"మిషను కుట్టు కనబడుతుంది," అంది టైలరమ్మ నీరసంగా.

మేట్రన్ పేర్చిన తానుల్ని మళ్లీ గోడవారకి జరిపింది. "నెలాఖరుకి ఇవ్వగలిగితే మంచిది. తొందరేం లేదు," అని, పక్కింటావిడ మోచెయ్యి పట్టుకుని, "మీరు కూడా రండి, దారి చూపిద్దురు గాని," అని తనతోపాటు బయటికి తీసుకుపోయింది. మెట్లు దిగుతుండగానే పక్కింటావిడ ఎవరినో కేకేసి పిలవడం వినబడింది.

* * *

కోట్లు నిలిచాయి. కానీ ఇంట్లో ఎవరి మొహంలోనూ ఆ సంతోషం లేదు.

టైలరమ్మ నేల మీద కూర్చుని ముక్కలన్నీ మళ్లీ మడతపెట్టి పెట్టెలో సర్దుతోంది. మాష్టారు బనీనుతో అలాగే నిలబడి ఉన్నాడు.

"ఎవరినడిగి తెరిచారు?" అంది ఆమె తల ఎత్తకుండా.

"నీ పేరు పోతుంటే చూస్తూ ఊరుకోమంటావా?"

"నా పేరు పోయినా ఫర్వాలేదు, మీది ఉండాలి అని నేను అనుకున్నాను. మూడు రోజులు ఆలోచించి అనుకున్నాను. ఆదివారం నన్నడక్కుండా రాశారు. ఇవాళ నన్నడక్కుండా తెరిచారు. రెండుసార్లూ నా ఇంట్లోదే కదా వీధిలో పెట్టారు?"

"అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు నీ కోసం..."

"రేపు పొద్దున పాలకి వెళ్తారా మీరు?"

ఆయన కళ్లు వీధి గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాయి.

"చూశారా. వెళ్లలేరు. ముప్పై ఏళ్లు ఆ ఒక్కదాని కోసం కళ్లు పొడుచుకున్నాను. ఒక్క నిమిషంలో ఖర్చు చేసేశారు." ఆమె చేతిలోని ముక్క మడత విప్పి, అరచేత్తో సాపు చేసింది. "నాకు మిమ్మల్ని చూస్తే ఎంత కోపంగా ఉందో, ఎంత జాలిగా ఉందో చెప్పలేను. రెండూ ఒకేసారి వస్తుంటే ఏం చెయ్యాలో కూడా తెలీడం లేదు."

మాష్టారు ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. నేల మీద కూర్చోవడం ఆయనకి అలవాటు లేదు. మోకాళ్లు టకటకమన్నాయి.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు.

ఆమె జవాబు ఇవ్వబోతుండగా బల్ల మీద ఫోను మోగింది.

కూతురు తెచ్చి ఇచ్చింది. పేపరాఫీసు నుంచి, ఆదివారం పేజీ చూసే ఎడిటరు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, ఫోను ఎవరి చెవి దగ్గరున్నా గదంతా వింటుంది.

"మాష్టారూ! చంపేశారండీ పోయినవారం! పొదుపు! ఉత్తరాలే ఉత్తరాలు. పదకొండేళ్లలో మీకు మొత్తం కలిపి నాలుగు ఉత్తరాలొచ్చాయా? ఇప్పుడు మూడు రోజుల్లో యాభై రెండు! ఆ ట్రంకుపెట్టె ఉంది చూశారూ, నవ్వలేక పొట్ట పట్టుకున్నారట జనం. ఈ వారం కూడా మీ ఆవిడే కావాలి. పిసినారి అనే మాట మీద రాయండి. మొదటి పేజీలో మీ ఫోటోతో వేస్తాం. ఏమంటారు?"

యాభై రెండు ఉత్తరాలు. మొదటి పేజీ. ఫోటో. మాష్టారి పెదవులు ఒకసారి కదిలి ఆగిపోయాయి. ఆయన ఎంతకాలంగా ఈ మాట కోసం ఎదురుచూశాడో ఆ గదిలో ఇద్దరు ఆడవాళ్లకీ తెలుసు.

టైలరమ్మ ఆయన వైపు చూడలేదు. చేతిలో ఉన్న ముక్కని పొడుగ్గా మడిచి, అడ్డంగా మడిచి, మళ్లీ విప్పింది.

"హలో? మాష్టారూ, ఉన్నారా? సాయంత్రంలోగా వచ్చెయ్యాలండోయ్. ఇంకో రెండు మీ ఆవిడ ముచ్చట్లు పడాలి, అంతే. ఆవిడేం అనుకోదులెండి, ఇంట్లో మనిషే కదా!"

మాష్టారు ఫోనుని చెవి దగ్గర్నుంచి దించాడు. దాని మీద అరచెయ్యి మూశాడు.

"మాట్లాడతావా?" అని అడిగాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆమెని ఇలా అడిగి, జవాబు కోసం ఆగడం ఇదే మొదలు. కూతురు గోడకి ఆనుకుని కదలకుండా నిలబడింది. ఎడిటరు ఇంకా హలో, హలో అంటూనే ఉన్నాడు.

టైలరమ్మ ముక్కని ఒళ్లో పెట్టుకుంది. వేలి తొడుగు తీసి నేల మీద పెట్టి, చెయ్యి చాపి ఫోను అందుకుంది.

"చెప్పండి," అంది. "ఇంట్లో మనిషినే."